వత్తులు చివర పెట్టే మనిషి

చదువురానివాడి సంతకాన్ని దొంగిలించడం నల్లేరు మీద బండి నడక అని లోకంలో ఒక నమ్మకం ఉంది. పండితుడి సంతకంలో మెలికలుంటాయి, గొలుసులుంటాయి, ఒక అక్షరం మరొకదాన్ని మింగేసి ఉంటుంది. దాన్ని పట్టుకోవడం కష్టం. అక్షరాలు కూడబలుక్కుని పేరు రాసుకునేవాడిది పలక మీది రాత, ఎవరైనా దిద్దవచ్చు. బ్యాంకులు ఈ మాట నమ్ముతాయి. కోర్టులు నమ్ముతాయి. చదువురానివాళ్ళు అందరికంటే గట్టిగా నమ్ముతారు. దాన్ని ఎవరైనా పరీక్షకు పెట్టినట్టు మాత్రం సత్యవాణి ఎక్కడా చదవలేదు.

పరీక్షకు పెట్టక తప్పని రోజు వచ్చింది. పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగు జాలర్లకు ఒక సహకార సంఘం ఉంది. పన్నెండేళ్ళ కిందట ఉత్తరాంధ్ర తీరం నుంచి ఓడలో వచ్చి దిగిన కుటుంబాలు అవి. సంఘాధ్యక్షుడు పెద్దబ్బాయి. మోటారు పడవకు ఇంజను కొనాలని ఆ కుటుంబాలు మూడేళ్ళుగా బ్యాంకులో దాచుకున్న సొమ్మంతా ఒకే ఒక బేరర్ చెక్కుతో వెళ్ళిపోయింది. చెక్కు మీద పెద్దబ్బాయి సంతకం ఉంది. వెనకవైపు, సొమ్ము తీసుకున్నవాడు ఒక పేరు, రంగత్ అనే ఊళ్ళోని చిరునామా రాశాడు. ఆ పేరుగలవాడు రంగత్‌లో ఎవరూ లేరని తేలింది. ‘ఆ సంతకం నేను పెట్టలేదు’ అని పెద్దబ్బాయి నాలుగు రోజులుగా అంటున్నాడు. విచారణ కోసం మదరాసు నుంచి వచ్చిన బ్యాంకు అధికారి వెంకటసుబ్బయ్య శనివారం ఓడకు తిరిగి వెళ్ళిపోతాడు. సంతకం అసలుదేనని ఆయన రాసుకుని వెళితే ఇంజను మాట మరిచిపోవాలి. పెద్దబ్బాయి తనవాళ్ళ సొమ్ము తిన్న దొంగగా పోలీసుల ముందు నిలబడాలి. పదకొండేళ్ళ కిందట అతని చేత పలక పట్టించి పేరు రాయడం నేర్పిన పంతులమ్మ సత్యవాణి. ‘ఒక్క పూట వ్యవధి ఇవ్వండి, పరీక్ష చేసి చూద్దాం’ అని గురువారం అడిగినది ఆమె ఒక్కతే.

శుక్రవారం మధ్యాహ్నం బడి వదిలాక ఆమె గొడుగు వేసుకుని, సంఘం గది ఉన్న మిడిల్ పాయింట్ వైపు నడిచింది.

వాన పడుతున్నదో ఆగిందో చెప్పలేని వాన అది. రేవు మీద మబ్బు దిగి కూర్చుంది. రేకుల కప్పులు గోడలను వదిలిపెట్టి గాలిలో తేలుతున్నట్టున్నాయి. దిగువన నిలిచిన ఓడకు అంచులు కరిగిపోయి, సగం ఓడగాను సగం పొగగాను కనిపిస్తున్నది. అది ఒకసారి కూత వేసింది. ఆ కూత నీటి అడుగున పుట్టి, దారిలో ఎవరినో పలకరించి, తీరిగ్గా ఒడ్డెక్కి వచ్చింది. ఇలాంటి మధ్యాహ్నాల్లో ఈ ద్వీపం ఎక్కడికో కదిలిపోతున్నదని కొత్తగా వచ్చినవాళ్ళు అనుకుంటారు. పదిహేనేళ్ళుగా ఇక్కడ ఉన్న సత్యవాణికి కూడా అలా అనిపిస్తుంది. అనిపించడం వేరు, అవడం వేరు అని తెలుసు గనుక ఆమె ఆ అనుభూతిని తోసిపుచ్చకుండా దానితోపాటు నడిచింది.

మూడు రాత్రులుగా ఆమెకు ఒకటే కల. ఆకుపచ్చని నీటిలో నాలుగు అక్షరాలు ఈదుతున్నాయి. వాటి పొట్టల కింద రెండు చిన్న అక్షరాలు వేళ్ళాడుతున్నాయి. చెయ్యి చాచితే చెదిరిపోతాయి, చెయ్యి తీస్తే మళ్ళీ వరస కడతాయి. కలలకు అర్థాలుంటాయని ఆమె ఒప్పుకోదు. పగలు చూసినదాన్ని మనసు రాత్రి తిరగేసుకుంటుంది, అంతకుమించి ఏమీ లేదు. పగలంతా ఆమె చూసినది ఒక పేరు: పెద్దబ్బాయి. పైన నాలుగు అక్షరాలు, అడుగున రెండు వత్తులు.

సంఘం గదిలో అప్పటికే అందరూ ఉన్నారు. రేకుల మీద చినుకుల చప్పుడు సన్నగా, ఎడతెగకుండా వినిపిస్తున్నది. కిటికీలోంచి వస్తున్న వెలుతురు పాచి రంగులో ఉంది. ఆ వెలుగులో మనుషుల ముఖాలు అద్దం వెనక ముఖాల్లా కనిపించాయి.

“ఇలా రండి టీచరమ్మా, కుర్చీ తుడిసినాను,” అన్నాడు పెద్దబ్బాయి. యాభై ఏళ్ళ మనిషి. ఉప్పుగాలికి రాటుదేలిన చేతులు. నాలుగు రోజుల్లో పదేళ్ళు పైబడినట్టున్నాడు.

“కుర్చీ తుడిస్తే నింద తుడుసుకుపోద్దేటి?” అంది గుమ్మంలో కూర్చున్న అతని భార్య కామమ్మ. చేపల బుట్ట పక్కన పెట్టుకుని, కొంగుతో తల కప్పుకుంది. “బావూ, నాకు తెలీక అడుగుతాను. మీ బ్యాంకోళ్ళు మా ఆయన మొకం ఎరగరా? ఎవుడో ఒచ్చి కాయితం సూపిస్తే అంత సొమ్మూ సేతిలో ఎట్టీసినారా?”

వెంకటసుబ్బయ్య కళ్ళజోడు సరిచేసుకున్నాడు. నెమ్మదస్తుడు. కోపం వచ్చినా కాగితం మీద వచ్చేదే తప్ప ముఖంలో వచ్చేది కాదు. “అమ్మా, బ్యాంకు ముఖం చూడదు. సంతకం చూస్తుంది.”

“అదే మరి. సేపలమ్ముకునే నానే నయం. ముందు మొకం సూస్తాను, తరవాతే అరువు.”

గదిలో నలుగురూ నవ్వారు. వెంకటసుబ్బయ్య కూడా నవ్వబోయి, చేతిలోని కాగితాల కట్ట గుర్తొచ్చి మానుకున్నాడు.

నవ్వే రాని మనిషి సాంబశివరావు ఒక్కడే. అటవీశాఖలో గుమాస్తాగా చేసి విరమించి ఇక్కడే స్థిరపడ్డాడు, సంఘానికి కార్యదర్శి. చెక్కు పుస్తకం ఆయన రేకు పెట్టెలో ఉండేది. పెట్టెకు తాళం ఉండేది. తాళంచెవి తలుపు పక్కన మేకుకు వేళ్ళాడుతూ ఉండేది.

“పుస్తకం రోజూ చూసేవాణ్ణే సార్,” అన్నాడాయన ఎవరూ అడగకముందే. “ఒక్క కాగితం పోయినా కనిపెట్టేవాణ్ణి.”

“ఏ వైపు నుంచి చూసేవారు?”

“ఏ వైపేమిటి? మొదటినుంచీ.”

“దొంగ మొదటినుంచి చింపడండీ, చివరినుంచి చింపుతాడు,” అన్నాడు వెంకటసుబ్బయ్య, కొత్త ఉద్యోగికి పాఠం చెబుతున్నంత ఓపికగా. “పై చెక్కు చింపితే మర్నాడే తెలిసిపోతుంది. అడుగు చెక్కును కౌంటర్‌ఫాయిల్‌తో సహా లాగేస్తే, పుస్తకం అయిపోవచ్చేదాకా ఎవరికీ తెలియదు. మీకు నెలకు రెండు చెక్కులకు మించి ఖర్చు లేదు. అంటే ఏడాది దాకా ఆ లోటు కనబడేది కాదు. చెక్కు తీసిన ప్రతిసారీ నంబర్లన్నీ చివరిదాకా లెక్కపెట్టి సంతకం చేయాలి. తాళంచెవి తాళం ఉన్న గదిలో ఉండకూడదు. ఒక్క సంతకంతో సొమ్ము కదలకూడదు, రెండు ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేసినా మనం ఇవాళ ఇక్కడ కూర్చునే వాళ్ళం కాదు.”

“గల్తీ నాదే,” అన్నాడు సాంబశివరావు నేలకేసి చూస్తూ. “అచ్ఛా, మేకు రేపే పీకేస్తాను.”

“మేకేం సేసింది పాపం,” అంది కామమ్మ.

వెంకటసుబ్బయ్య ఒక కాగితం తీసి సత్యవాణి ముందుంచాడు. దాని మీద ‘పెద్దబ్బాయి’ అని ఉంది, లావుపాటి గుండ్రని అక్షరాలతో.

“ఇది నేను రాసినది. నిన్న మీరు వెళ్ళాక రాశాను. మీ సంఘం సభ్యులకు చూపిస్తే తొమ్మిదిమంది ఇది పెద్దబ్బాయి సంతకమేనన్నారు.”

“ఎంతమందికి చూపించారు?”

“పదిమందికి.”

“పదోవాడు?”

“గవరయ్య. అతను కాగితం తలకిందులుగా పట్టుకుని అదే మాట అన్నాడు.”

ఈసారి సాంబశివరావు కూడా నవ్వాడు. వెంకటసుబ్బయ్య మాత్రం గంభీరంగా, “నేను చెప్పదలచుకున్నది ఇదే టీచరుగారూ,” అన్నాడు. “ఇంత తేలికైన సంతకాన్ని ఎవరైనా పెట్టవచ్చునని మీరంటారు. నేనూ ఒప్పుకుంటాను. కాని ఎవరైనా పెట్టగలిగినది, అతనూ పెట్టగలడు గదా. చెక్కులోని సంతకం పాత సంతకాల్లాగే ఉంది. లేదని మీరెలా నిరూపిస్తారు?”

“మీరు పోలిక చూశారు,” అంది సత్యవాణి. “అది అయిపోయిన అక్షరానికి సంబంధించినది. అక్షరం అవుతూ ఉండగా ఎవరూ చూడలేదు. నేను కూడా చూడలేదు. పెద్దబ్బాయీ, ఇదే బల్ల మీద, ఇదే కలంతో, ఇదే సిరాతో పదిసార్లు సంతకం చెయ్యి. తొందరలేదు.”

అమ్మడు సిరాబుడ్డి తెచ్చి బల్ల మీద పెట్టింది. పెద్దబ్బాయి కూతురు. పందొమ్మిదేళ్ళది. సంఘంలో రశీదులు రాసిపెడుతుంది. ఆ వాడలో ఆమె ఈడువాళ్ళందరికీ మాట తెలుగు, చదువు హిందీ. తెలుగులో తప్పులేకుండా ఉత్తరం రాయగలిగేది ఆ పిల్ల ఒక్కతే. సత్యవాణికి అదొక గర్వం. పైకి చెప్పదు.

పెద్దబ్బాయి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. కలం అందుకుని పాళీ ముంచాడు. చినుకుల చప్పుడు మెల్లగా లోపలికి వచ్చి, ఖాళీగా ఉన్న చోటల్లా నిండింది.

అతను రాయడం లేదు, ఏదో కడుతున్నాడు అనిపించింది సత్యవాణికి. కలం కాగితం మీద అంగుళం అంగుళమే జరుగుతున్నది. పె. తరువాత ద. తరువాత బా. తరువాత యి. సిరా పలచబడుతూ వచ్చి చివరి అక్షరానికి బూడిదరంగు తేలింది. కలం గాలిలోకి లేచింది.

కాగితం మీద ‘పెదబాయి’ అని ఉంది.

“అయిందా?” అన్నాడు వెంకటసుబ్బయ్య.

“ఇంకా లేదు బావూ. అడుగు కట్టాల.”

మళ్ళీ పాళీ ముంచాడు. మొదలుకు వచ్చి ద కింద ఒక వత్తు, బా కింద ఒక వత్తు పెట్టాడు. రెండూ నిగనిగలాడుతూ, పైనున్న అక్షరాల కంటే నల్లగా వేళ్ళాడాయి.

సత్యవాణికి క్షణంపాటు గది నీటిలో మునిగినట్టయింది. తేరుకుని, “ఇంకోసారి,” అంది.

రెండో కాగితం. అదే వరస. మూడో కాగితం. అదే. పదో కాగితానికి కూడా వత్తులు చివరే పడ్డాయి.

“నేను నీకలా నేర్పలేదే?”

పెద్దబ్బాయి తప్పు దొరికిన పిల్లవాడిలా నవ్వాడు. “మీరు నేర్పినట్టు నాకు రాలేదు టీచరమ్మా. మీకు సెప్పడానికి సిగ్గేసింది. వలకి ముందు పైతాడు, బెండ్లు. ఆ తరవాత అల్లిక. ఆఖర్న అడుక్కి సీసం గుళ్ళు. గుళ్ళు ముందే కట్టీసినామనుకోండి, బరువుకి అల్లిక జారిపోద్ది. ఈటిని కూడా అలాగే కట్టుకున్నాను. పైన నాలుగూ నిలబడ్డాక, కింద రెండు గుళ్ళు.”

“పదకొండేళ్ళుగానా?”

“పలక వొగ్గేసిన కాణ్ణుంచీ.”

పదకొండేళ్ళుగా ఆమె చూసినది తయారైన వల. అల్లే చేతిని చూడలేదు. నేర్పినవాళ్ళు చేసే తప్పు ఇదేనని ఆమె తనలో అనుకుంది. తాము చెప్పిందే ఎదుటివాడు నేర్చుకున్నాడనుకుంటారు.

“వెంకటసుబ్బయ్యగారూ, మీ భూతద్దం ఇలా ఇవ్వండి. సొమ్ము చెల్లించిన పాత చెక్కులు కూడా.”

పాత చెక్కులు ఏడు. ఆమె ఒక్కొక్కటే కిటికీ వెలుతురుకు పట్టింది. అద్దంలోంచి చూస్తే కాగితం పీచు పీచుగా సముద్రపు అడుగులా కనిపించింది. దాని మీద సిరా, నిలిచిన నీడలా. ఏడింటిలోనూ యి పాలిపోయి ఉంది, వత్తులు నల్లగా ఉన్నాయి. ఒకదాంట్లో కొత్త సిరా వల్ల బా కింది వత్తు చుక్కగా ఉబ్బింది కూడా.

“ఇప్పుడు ఆ చెక్కు.”

ఎనిమిదో చెక్కు. మొదటి అక్షరం నలుపు. దాని తరువాత ద, వెంటనే దాని వత్తు, ఇంచుమించు అంతే నలుపు. ఆపైన బా, దాని వత్తు, కొంచెం పలచన. చివరన యి, అన్నిటికంటే పలచన. ఒక్కసారి ముంచిన సిరాతో, బడిలో చెప్పిన వరసలో, ఎడమనుంచి కుడికి సాఫీగా సాగిపోయిన రాత.

ఆమె అద్దాన్ని, చెక్కును వెంకటసుబ్బయ్యకు అందించింది. ఆయన చాలాసేపు చూశాడు. పాతవి ఏడూ చూశాడు. మళ్ళీ చెక్కు చూశాడు.

“అద్దుడు కాగితం వేస్తే సిరా తేడా పోవచ్చు గదా?”

“పోవచ్చు. ఏడింటిలో పోలేదు మరి.”

“ఆ ఒక్కరోజు అతను వరస మార్చి ఉండవచ్చు.”

“మార్చగలడేమో అడగండి.”

అడిగారు. ముందు ద కింద వత్తు పెట్టి, తరువాతే బా రాయమన్నారు. పెద్దబ్బాయి ద కింద వత్తు పెట్టి ఆగిపోయాడు. తరువాత ఏ అక్షరమో తోచక, వేళ్ళు ముడుచుకుని, పెదవులు కదుపుతూ మొదటినుంచి లెక్కపెట్టుకున్నాడు. చివరకు రాసినది పేరులా లేదు, గాలివానకు ఒడ్డున పడ్డ వలలా ఉంది.

వెంకటసుబ్బయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన ముఖంలో ఓటమి లేదు. లెక్క తేలినవాడి తేట ఉంది. “నిన్న నేను రాసిన కాగితం కూడా ఈ చెక్కు లాగే ఉంటుందన్నమాట. ఎవరైనా పెట్టవచ్చునన్న మాటను నేనే పూర్తిగా పరీక్షించాలి. తెలుగు రాయగలిగి, ఆ సంతకం చూసినవాళ్ళు ఇంకా ఎవరున్నారు?”

“నేను,” అన్నాడు సాంబశివరావు.

“పడవల మీద పేర్లు రాసే గురునాథం,” అంది సత్యవాణి. “అమ్మడు.”

పక్క కొట్టులోంచి గురునాథాన్ని పిలుచుకొచ్చారు. నాలుగు తెల్లకాగితాల మీద వరసగా అంకెలు వేశారు. ఒకటోది వెంకటసుబ్బయ్య, రెండోది సాంబశివరావు, మూడోది గురునాథం, నాలుగోది అమ్మడు. పాత చెక్కు ఒకటి ఎదుట పెట్టుకుని ఎవరికి వారు పెద్దబ్బాయి సంతకాన్ని దించాలి.

“భయ్యా, బొమ్మ గీస్తే సరా, రంగు కూడా వెయ్యాలా?” అన్నాడు గురునాథం కలం ముంచుతూ.

“ఏసేయ్. నీకు కూలి మాత్రం అడక్కు,” అంది కామమ్మ. ఆమె గొంతులో నాలుగు రోజుల తరువాత ప్రాణం వచ్చింది. భర్తకేసి చూసి, “ఓలమ్మో, ఒత్తులు ఆఖర్న ఎట్టడం కూడా ఒకందుకు మంచిదే! నానింటికాడ ఉప్పు ఆఖర్న ఏస్తే తిట్టే మనిసి,” అంది.

ముందు ముగ్గురు రాశారు. పురుషులు ముగ్గురి రాతలోనూ వత్తులు వరసలోనే పడ్డాయి. వల వరస ఎవరికీ తట్టలేదు. చూపు దాన్ని చూడలేదు, చెయ్యి దాన్ని ఊహించలేదు.

నాలుగో కాగితం దగ్గర అమ్మడు వంగి కూర్చుంది. కాగితాన్ని బాగా పక్కకు తిప్పుకుంది. కలం ఎడమ చేతిలోకి తీసుకుంది.

సత్యవాణికి ఆ చెయ్యి తెలుసు. మూడో తరగతిలో ఏడాదిపాటు ఆ వేళ్ళ మీద బద్దతో కొట్టింది. ఎడమచేతి వాటం దోషం కాదని తరువాత ఎక్కడో చదివి, మర్నాడే బద్ద పక్కన పడేసింది. తన జీవితంలో చేసిన మూఢమైన పనుల జాబితా ఆమె దగ్గర ఉంది. అందులో అది పైవరసలో ఉంటుంది. ఆ పిల్ల రాత అందంగా కుదిరింది. ఒక్కటి మాత్రం మారలేదు. చివరి యి మీది గుడిని అందరూ ఎడమవైపు మొదలుపెట్టి కుడివైపు దించుతారు. అమ్మడు కుడివైపు మొదలుపెట్టి ఎడమవైపు దించుతుంది. పాళీ మొదట ఆనినచోట చిన్న సిరాచుక్క నిలుస్తుంది. అమ్మడి గుడికి ఆ చుక్క కుడివైపు ఉంటుంది.

నాలుగో కాగితం ఆరడానికి పెట్టారు. అందులోనూ వత్తులు వరసలోనే ఉన్నాయి.

“ఏదీ,” అన్నాడు పెద్దబ్బాయి. అతని ముఖంలో నవ్వు ఇంకా ఉంది. “నా పేరు ఎవుడు అల్లినాడో నన్నూ ఓసారి సూడనీండి బావూ. ముడి సూస్తే సెయ్యి తెలుస్తాది మాకు.”

వెంకటసుబ్బయ్య సంతోషంగా చెక్కును, అద్దాన్ని అతని చేతిలో పెట్టాడు. నాలుగు రోజుల్లో పెద్దబ్బాయి ఆ చెక్కును చేతిలోకి తీసుకోవడం అదే మొదటిసారి. అంతకుముందు బల్ల అవతలి నుంచి చూపించారు, అతను బల్ల ఇవతలి నుంచి తల అడ్డంగా ఊపాడు.

అతను అక్షరాలు చదవలేదు. అద్దాన్ని దగ్గరకు, దూరానికి జరుపుతూ, వలలో కంతను వెతికే మనిషిలా గీతల వెంట వెళ్ళాడు. చివరి అక్షరం దగ్గర అద్దం ఆగింది. ఆగి అక్కడే ఉండిపోయింది. కిటికీ బయట మబ్బు ఇంకొంచెం దిగింది. ఓడ మరోసారి కూసింది. ఈసారి ఆ శబ్దం గదిలోకి వచ్చి, ఎవరినీ పలకరించకుండా వెళ్ళిపోయింది.

పెద్దబ్బాయి అద్దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

“ఇది నాదే బావూ.”

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

“ఏది?” అన్నాడు వెంకటసుబ్బయ్య.

“సంతకం. నానే ఎట్టినాను.”

“ఓరి నాయనో! ఈ మనిసికి మతిగాని పోయిందేటి?” కామమ్మ గుమ్మంలోంచి లేచి నిలబడింది. “నాలుగు రోజులనుంచీ కాదు కాదని ఒట్లేసినావు గదా!”

“నాలుగు రోజులూ సరీగ్గా సూడలేదు.”

“వత్తుల మాటేమిటి?” అన్నాడు వెంకటసుబ్బయ్య.

“ఆ రోజు ముందే కట్టీసుంటాను.”

“గుళ్ళు ముందే కడితే అల్లిక జారిపోతుందని ఇప్పుడే గదా చెప్పావు, పెద్దబ్బాయీ,” అంది సత్యవాణి.

అతను ఆమెకేసి చూశాడు. ఆ చూపులో అబద్ధం చెబుతున్న మనిషి బెదురు లేదు. “జారింది గదా టీచరమ్మా,” అన్నాడు.

సత్యవాణి చెక్కు తీసుకుంది. అద్దం తీసుకుంది. ఇందాక సిరా నలుపు, తెలుపు చూసే తొందరలో గీత తిరిగిన దిక్కు చూడలేదు. ఇప్పుడు చూసింది. యి మీది గుడికి సిరాచుక్క కుడివైపు ఉంది. నాలుగో కాగితాన్ని దగ్గరకు లాక్కుంది. అక్కడా కుడివైపే. మిగిలిన మూడింటిలో, పెద్దబ్బాయి పది కాగితాల్లో, పాత చెక్కులు ఏడింటిలో ఎడమవైపు.

ఆమె తల ఎత్తింది. అమ్మడు బల్లకు అవతల నిలబడి సిరాబుడ్డికి మూత బిగిస్తున్నది. బిగించిన మూతను మళ్ళీ విప్పి మళ్ళీ బిగించింది. పాచిరంగు వెలుతురులో ఆ ముఖం మీద భయం ఉందో, అలసట ఉందో, మరేమన్నా ఉందో ఆమె పోల్చుకోలేకపోయింది.

“నాన్నా,” అంది అమ్మడు తండ్రివైపు తిరగకుండానే, “నువ్వూరుకో.”

“నానూరుకునేదేటి? నా సంతకం నాకు తెలీదా? ఇంటికి పద. అమ్మని తీసుకుని నడు.”

“ఏటి సెప్తన్నారు మీరిద్దరూ?” అంది కామమ్మ.

వెంకటసుబ్బయ్య ఒకరి తరువాత ఒకరి ముఖం చూశాడు. ముఖాలు చూసి తేల్చే అలవాటు ఆయనకు లేదు. కాగితం ముందుకు లాక్కుని, తేదీ వేసి, కలం ముంచి, సత్యవాణివైపు తిరిగాడు.

“టీచరుగారూ, పరీక్ష మీరు అడిగినది. ప్రశ్న కూడా మిమ్మల్నే అడగాలి. ఈ నాలుగు కాగితాల్లో చెక్కును పోలినది ఏదైనా ఉందా?”

ఆ క్షణంలో ఆమెకు రెండు వాక్యాలు మాత్రమే కనిపించాయి. ‘లేదు’ అంటే, తన సంతకమేనని ఒప్పుకున్న మనిషి మాట మిగులుతుంది. అతను జైలుకు వెళతాడు, ఎవరూ అతన్ని ఆపరు. ‘ఉంది’ అంటే, ఆ చేతికి బద్దదెబ్బలు కొట్టి, పశ్చాత్తాపపడి, ప్రేమగా అక్షరాలు దిద్దించిన తానే ఆ చేతిని పట్టి ఇచ్చినట్టవుతుంది. మూడో వాక్యం కోసం ఆమె వెతికింది. మబ్బులో, చినుకుల్లో, కలలోని ఆకుపచ్చ నీటిలో వెతికింది. ఎక్కడా లేదు.

“దీదీ,” అంది అమ్మడు, బడిలో పంతులమ్మను పిలిచినట్టే, చాలా మెల్లగా. “చూసింది చెప్పండి. నేనేమీ అనుకోను.”

సత్యవాణి చెప్పింది. ఆమె చెప్పినదాన్ని వెంకటసుబ్బయ్య రాసుకున్నాడు. చదివి వినిపించాడు. ఆమె సాక్షిగా సంతకం చేసింది. ఆ కాగితంలో ఉన్నది ఇది.

‘పోర్ట్‌బ్లెయిర్, మిడిల్ పాయింట్, జాలర్ల సహకార సంఘం కార్యాలయం. 1967 జులై 14, శుక్రవారం, సాయంత్రం నాలుగున్నర గంటలు. అధ్యక్షుడు పెద్దబ్బాయి పది సంతకాలు చేశాడు. పదింటిలోనూ వత్తులు అక్షరాలన్నీ అయ్యాక పడ్డాయి. సొమ్ము చెల్లించిన పాత చెక్కులు ఏడింటిలోనూ అంతే. వివాదంలో ఉన్న చెక్కులో వత్తులు అక్షరాల వరసలో పడ్డాయి. నలుగురు ఆ సంతకాన్ని అనుకరించారు. అధ్యక్షుడి పద్ధతి ఒక్కరికీ రాలేదు. పెద్దబ్బాయి వాంగ్మూలం: సంతకం నాదే. పరీక్ష ఫలితం: సంతకం అతనిది కాదు. చెక్కును పోలినది నాలుగో కాగితం.’